దుంపల బుట్ట చుట్టూ: ఐర్లాండ్ పల్లెల పాతకాలపు తిండి గురించి మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ పేజీలో, ఐర్లాండ్‌లో నర్సుగా పనిచేసిన నా పదహారేళ్ల గురించి రాస్తూ, మేయో కౌంటీలోని ఒక వృద్ధాశ్రమంలో నేను చూసుకున్న పెద్దావిడ ప్రస్తావన తెచ్చాను. ఆవిడ 1926లో పుట్టారు. వంటవాళ్లు తొక్క తీసి, మెత్తగా మెదిపి పంపిన బంగాళాదుంపను ఏనాడూ ముట్టుకోలేదు. తొక్కతో ఉడికించినదే కావాలి. పొగలు కక్కుతున్న దుంపను ఎడమ అరచేతిలో పెట్టుకుని, కుడి బొటనవేలి గోటితో తొక్కను ఒక్క పొరగా లాగేసేవారు. ఆ గోరు మాత్రం కత్తిరించనిచ్చేవారు కాదు. అంతే నేను రాసింది. దానికి ఇన్ని ఉత్తరాలు వచ్చాయి. పేజీలో పట్టినన్నింటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: ఐర్లాండ్ వాళ్లకు పూర్వం బంగాళాదుంపలు తప్ప వేరే తిండి లేదని చదివాను. నిజమేనా? — ఒక డిగ్రీ విద్యార్థిని

ఈ ప్రశ్నను ముందు పెట్టడానికి కారణం ఉంది. ఈ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. బంగాళాదుంప ఆ దేశానికి వచ్చిందే 16వ శతాబ్దం చివర్లో. అంతకుముందు వెయ్యేళ్లకు పైగా అక్కడి పల్లెలు బతికింది పాల మీద, ఓట్స్ మీద.

పాల నుంచి వచ్చే పదార్థాలన్నింటికీ కలిపి ఐరిష్ భాషలో ‘బాన్‌వియా’ అని ఒక పేరుంది. ‘తెల్లటి ఆహారం’ అని అర్థం. పాలు, మీగడ, వెన్న, మజ్జిగ, విరగగొట్టిన పాలు, మెత్తటి జున్ను, గట్టి జున్ను. ఆవు ఈనగానే వచ్చే ముర్రుపాలను కూడా అపురూపంగా చూసుకునేవారు. పశువులే ఆస్తి. పూర్వపు చట్టాల్లో జరిమానాలను కూడా ఆవుల లెక్కనే కట్టేవారు. వేసవి రాగానే ఊళ్లోని పడుచుపిల్లలు పశువులను కొండల మీది గడ్డిమైదానాలకు తోలుకుపోయి, అక్కడే చిన్న గుడిసెల్లో ఉంటూ పాలు పితికి, వెన్న తీసేవారు. చలి మొదలయ్యాకే దిగివచ్చేవారు.

ఓట్స్ పిండితో కాచే జావను ‘స్టిరబౌట్’ అనేవారు. ‘కలియబెట్టడం’ అనే మాటలోంచి పుట్టిన పేరది. దాని గురించి ప్రాచీన ఐర్లాండ్ చట్టంలో ఒక నియమం ఉంది. అప్పట్లో పిల్లలను వేరే కుటుంబాల్లో పెంపకానికి ఇచ్చే ఆచారం ఉండేది. పెంచేవాళ్లు ఆ పిల్లలకు ఏం పెట్టాలో కూడా చట్టమే చెప్పింది. జావ అందరికీ ఒకటే. అందులో వేసేదే వేరు. మామూలు ఇంటి పిల్లవాడికి ఉప్పు వెన్న, నాయకుడి కొడుక్కి తాజా వెన్న, రాజు కొడుక్కి తేనె. ఇది చదివిన రోజు నేను చాలాసేపు ఆ పేజీ మీదే ఉండిపోయాను. ఒకే బల్ల దగ్గర కూర్చున్న ముగ్గురు పిల్లలు ఒకరి గిన్నెలోకి ఒకరు చూసుకోవడం కళ్లకు కట్టింది.

ఇక వెన్న. ‘బాగ్’ అనే చిత్తడి నేలల్లో, ఇంటి పొయ్యిలో కట్టెల్లా మండించే ‘పీట్’ మట్టిని ఇటుకల్లా తవ్వుతుంటే, అప్పుడప్పుడూ చెక్కపాత్రల్లో పాతిపెట్టిన వెన్నముద్దలు బయటపడతాయి. కొన్ని వేల ఏళ్ల నాటివి. ఆ నేలలో చల్లదనం ఎక్కువ, గాలి ఆడదు, పులుపు గుణం ఉంటుంది. అందుకే వెన్న పూర్తిగా కుళ్లిపోకుండా మైనంలా గట్టిపడి నిలిచిపోతుంది. తరవాతి కాలంలో, 1770 నుంచి 1924 దాకా, కార్క్ నగరంలో వెన్న మార్కెట్ నడిచింది. చిన్న చెక్క పీపాల్లో వచ్చిన వెన్నను అక్కడ పరీక్షించి, నాణ్యతను బట్టి తరగతులు వేసి, సముద్రాల మీదుగా పంపేవారు. కెర్రీ కొండల నుంచి కార్క్‌కు వేసిన పాత దారులను ఇప్పటికీ ‘వెన్న దారులు’ అనే పిలుస్తారు.

మరి ఇంత పాడి ఉన్న దేశంలో బీదవాడు దుంపలకు ఎందుకు దిగాడు? వెన్న అమ్మితేనే భూస్వామికి అద్దె కట్టగలడు కాబట్టి. వెన్న సంతకు పోయేది, మజ్జిగ ఇంట్లో మిగిలేది. ఓట్స్ కూడా అలాగే అద్దె కింద పోయేవి. చేతిలో మిగిలిన చెక్క భూమిలో ఇంటిల్లిపాదికీ కడుపు నింపగల పంట ఒక్కటే, బంగాళాదుంప. ఒక ఎకరం ఉంటే ఐదారుగురు ఏడాదిలో ఎక్కువ భాగం గడిపేయవచ్చు. కాబట్టి ఆ దుంప వాళ్ల రుచి కాదమ్మా, వాళ్లకు మిగిలిన నేల కొలత.

ప్రశ్న: అందరూ కలిసి ఎలా తినేవారు? పళ్లేలు, బల్లలు ఉండేవా? — ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

మా పెద్దావిడ నోట నేను ఎక్కువసార్లు విన్నది ఇదే, మాస్టారూ. ఆవిడకు ఇదంతా వాళ్ల అమ్మమ్మ చెప్పింది.

పొయ్యి మీద వేలాడే ఇనప గొలుసుకు మూడుకాళ్ల ఇనప కుండ తగిలించి దుంపలు ఉడికిస్తారు. తొక్కలు పగిలి లోపలి పిండి తెల్లగా బయటికి కనిపిస్తే, ‘దుంపలు నవ్వుతున్నాయి’ అంటారు. అప్పుడు కుండను వాకిట్లోకి తెచ్చి, వెడల్పాటి అల్లిక బుట్టలోకి వంపేస్తారు. పడమటి పల్లెల్లో ఆ బుట్టను ‘స్కిబ్’ అంటారు. నీళ్లు అల్లిక సందుల్లోంచి కారిపోతాయి. ఖాళీ అయిన కుండను గది మధ్యలో పెట్టి, దాని మూతి మీదే బుట్టను ఆనిస్తారు. అదే బల్ల, అదే పళ్లెం. చుట్టూ పొట్టి ముక్కాలి పీటలు. ఇంటివాళ్లందరూ మోకాళ్లు మోకాళ్లు తగిలేలా కూర్చుంటారు. బుట్ట నడిమధ్యన ఒక గిన్నెలో ఉప్పునీళ్లో, మజ్జిగో ఉంటుంది. గోటితో తొక్క తీయడం, దుంపను అందులో ముంచడం, నోట్లో పెట్టుకోవడం. తొక్కలు బుట్ట అంచునే పడేస్తారు. అవి తరవాత కోళ్లకు, పందికి.

దుంపతో నంజుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని వాళ్లకూ పట్టుదల ఎక్కువ. అలా నంజుకునే దాన్ని అక్కడి పల్లె ఇంగ్లీషులో ‘కిచెన్’ అనేవారు. ఉప్పువేసిన హెర్రింగ్ చేప, కాస్త ఉల్లిపాయ, సముద్రం దగ్గరివాళ్లకు గుల్లచేపలు, డల్స్ అనే ఎర్రటి సముద్రపు నాచు. ఏమీ లేని ఇళ్ల గురించి ఒక మాట దేశమంతా వాడుకలో ఉండేది. ‘దుంప, చూపు’. అంటే, పైన వేలాడదీసిన చేప ముక్క వైపు దుంపను ఒకసారి చూపించి తినేయడం. ఆ మాట చెప్పేటప్పుడు మా పెద్దావిడ నవ్వలేదు. వినేటప్పుడు నాకూ నవ్వు రాలేదు.

ఎంత తినేవారని కూడా అడిగారు. కష్టపడి పనిచేసే మగవాడు రోజుకు ఐదారు కిలోల దుంపలు తినేవాడని 19వ శతాబ్దం తొలినాళ్ల లెక్కలు చెబుతాయి. నేను మొదట నమ్మలేదు. కానీ రోజుకు మూడు పూటలా అదే తిండి, పైన మజ్జిగ తప్ప ఇంకేమీ లేదనుకుంటే, పొలంలో పొద్దస్తమానం తవ్వేవాడికి అంత కావలసిందే. దూరం పనికి వెళ్లేవాళ్లకు దుంపను పూర్తిగా ఉడికించకుండా లోపల కొంచెం గట్టిగా ఉంచేవారట. దాన్ని ‘దుంపలో ఎముక’ అనేవారు. అది నెమ్మదిగా అరిగి ఆకలిని కాసేపు ఆపేది. దుంపలో సి విటమిన్, మజ్జిగలో మాంసకృత్తులు, కాల్షియం. నర్సుగా చెబుతున్నాను, ఆ రెండూ కడుపు నిండా దొరికినంత కాలం వాళ్లు ఆరోగ్యంగానే ఉన్నారు.

దొరకని కాలం ఏటా వచ్చేది. పాత దుంపలు వేసవి మొదట్లో అయిపోయేవి. కొత్తవి జులై చివరికి గానీ రావు. ఆ నెలను ‘క్యాబేజీ జులై’ అనేవారు, ఇంట్లో ఉడికించడానికి ఆకులే మిగిలేవి కనుక. జులై చివరి ఆదివారం తొలి దుంపలు తవ్వి పండగ చేసుకునేవారు. అంతకు ముందే తవ్వడం పరువు తక్కువ. ఆ ఇల్లాలికి పొదుపు చేతకాలేదని ఊరంతా అనుకుంటుంది.

చెక్క పళ్లేలు, ‘నాగిన్’ అనే చెక్క లోటాలు ఉండేవి. మేయో కౌంటీలోనే టర్లో పార్క్ అనే చోట, 2001లో తెరిచిన గ్రామీణ జీవన మ్యూజియం ఉంది. నేను సెలవు దొరికినప్పుడల్లా వెళ్లేదాన్ని. చిలికే పీపాలు, అల్లిక బుట్టలు చూస్తుంటే ఆవిడ మాటలు పక్కనే వినిపించేవి.

ప్రశ్న: మాంసం తినేవారు కారా? — ఒక పాఠకుడు

పందిని ప్రతి ఇల్లూ పెంచేది, కానీ తినడానికి కాదు. పందికి ‘అద్దె కట్టే పెద్దమనిషి’ అని పేరు. సొంతానికి కోసుకోగలిగినవాళ్లు చలికాలంలోనే, చంద్రుడు పెరిగే పక్షం చూసుకుని కోసేవారు. చంద్రుడు తరిగే రోజుల్లో కోస్తే మాంసం కుండలో కుంచించుకుపోతుందని నమ్మకం. చాలా మటుకు ఉప్పువేసి పీపాలో దాచేవారు. నిలవ ఉండని ముక్కలు, రక్తంలో ఓట్స్, ఉల్లిపాయలు కలిపి చేసిన పుడ్డింగులు ఇరుగుపొరుగుకు పంచేవారు. వచ్చే నెల వాళ్ల పందిలో వీళ్లకు వాటా వస్తుంది. ఫ్రిజ్ లేని కాలంలో పొరుగిల్లే ఫ్రిజ్. నవంబరు 10న, సెయింట్ మార్టిన్ పండగ ముందు రాత్రి, కోడినో బాతునో కోసి గడప మీద, ఇంటి నాలుగు మూలలా రక్తం చిలకరించేవారు.

ప్రశ్న: వెన్న చిలికేటప్పుడు ఏవో కట్టుబాట్లు ఉండేవని విన్నాను. వివరిస్తారా? — ఒక గృహిణి

వివరిస్తాను, ఇది నాకు ఇష్టమైన సంగతి.

నిలువుగా, నడుము ఎత్తున ఉండే చెక్క పీపాలో మీగడ పోసి, మూత కంతలోంచి దిగిన పొడుగాటి కర్రతో పైకీ కిందికీ పొడుస్తారు. వెన్న పడటం వాతావరణాన్ని బట్టి, మీగడ వెచ్చదనాన్ని బట్టి ఉంటుంది. ఒక్కోసారి ఎంత చిలికినా పడదు. రెక్కలు పడిపోయినా నురగే తప్ప ముద్ద కనిపించకపోతే, దానికి కారణం వాళ్లు మీగడలో వెతకలేదు, వాకిట్లో వెతికారు. ఎవరో వెన్నను మంత్రించి ఎత్తుకుపోయారని అనుకునేవారు. అందుకే చిలుకుతున్న ఇంట్లోకి ఎవరు అడుగుపెట్టినా, పూజారైనా, బిచ్చగాడైనా, కర్ర పట్టుకుని నాలుగు పోట్లు పొడిచి వెళ్లాలి. చేయి వేయకుండా వెళ్తే వెన్న వాడితో వెళ్లిపోతుంది.

మే నెల ఒకటో తేదీ అయితే మరీ భయం. ఆ రోజు పొద్దున ఇంట్లోంచి నిప్పు గానీ, పాలు గానీ, ఉప్పు గానీ ఎవరికీ ఇవ్వరు. అడిగిన వాళ్లను అనుమానంగా చూస్తారు. ముందు రోజు సాయంత్రం పిల్లలు పసుపుపచ్చని పూలు కోసి గుమ్మాల ముందు, పశువుల కొట్టం ముందు చల్లుతారు. పీపా కింద గుర్రపు నాడా పెట్టేవాళ్లూ ఉన్నారు.

మూఢనమ్మకాలని తీసిపారేయకండి. ఏడాది అద్దె మొత్తం ఆ పీపాలో ఉంది. ఆ ముద్ద పడకపోతే ఇల్లు పోతుంది. ఆ భయాన్ని ఆ గుమ్మం ముందు నిలబడి తలచుకోవాలి. పైగా వచ్చినవాడల్లా నాలుగు పోట్లు పొడిస్తే ఆ ఇల్లాలి రెక్కలకు నాలుగు క్షణాలు విశ్రాంతి దొరికింది కదా!

ప్రశ్న: ఒక పంట పాడైతే దేశమంతా చచ్చిపోవడం ఏమిటి? వేరే పంటలు లేవా? — ఒక రైతు

ఉన్నాయి. అదే కడుపు తరుక్కుపోయే సంగతి.

1845 సెప్టెంబరులో దుంప చేలకు మసితెగులు తగిలింది. ఆకు మీద నల్ల మచ్చ, రెండు మూడు రోజుల్లో చేనంతా కుళ్లు కంపు, తవ్వితే చేతిలో నల్లటి ముద్ద. అప్పటికి దాదాపు 30 లక్షల మంది ఆ ఒక్క దుంప మీదే ఆధారపడి ఉన్నారు. అందులోనూ బీదలు వేసింది ఎక్కువగా ‘లంపర్’ అనే ఒకే రకం. సారంలేని నేలలోనూ దండిగా కాస్తుందని దాన్ని ఎంచుకున్నారు. తెగులుకు అదే ముందు లొంగింది. 1846లో పంట దాదాపు మొత్తం పోయింది. ఓట్స్, వెన్న, పశువులు మాత్రం అద్దె కోసం ఓడలెక్కి ఇంగ్లండ్‌కు వెళ్తూనే ఉన్నాయి. పది లక్షల మంది చనిపోయారు. ఇంకో పది లక్షల మంది దేశం విడిచిపోయారు. 1841 జనాభా లెక్కల్లో 82 లక్షలు ఉన్న దేశం, 1851లో 65 లక్షలకు పడిపోయింది.

అప్పట్లో ఐర్లాండ్‌ను పాలిస్తున్న బ్రిటన్ ప్రధాని రాబర్ట్ పీల్ లక్ష పౌండ్ల విలువైన మొక్కజొన్న తెప్పించాడు. కానీ ఆ గింజను అక్కడ ఎవరూ ఎరగరు. ఎలా విసరాలో, ఎంతసేపు ఉడికించాలో తెలియక సగం ఉడికినది తిని కడుపులు పాడయ్యాయి. ‘పీల్ గంధకం’ అని దానికి పేరుపెట్టారు. 1847 వేసవిలో ప్రభుత్వ గంజి కేంద్రాలు రోజుకు 30 లక్షల మందికి పెట్టాయి. అంటే పెట్టడం సాధ్యమే. శరదృతువుకల్లా వాటిని మూసేశారు. కొన్ని చోట్ల మతం మారితేనే సూప్ పోస్తామన్నారు. ‘సూప్ తాగినవాళ్లు’ అనే మాట కొన్ని కుటుంబాలను తరతరాలుగా వెంటాడింది.

ఆ కాలం నాటిదే ఇంకో నమ్మకం. ‘ఫేర్ గోర్తాక్’, అంటే ఆకలి గడ్డి. కరవులో మనిషి పడిపోయి చనిపోయిన చోట ఆ గడ్డి మొలుస్తుందట. తెలియక దాని మీద అడుగువేస్తే ఒక్కసారిగా ఆపుకోలేని ఆకలి కమ్మి మనిషి కూలిపోతాడు. జేబులో రొట్టె ముక్క ఉంటే ప్రాణం దక్కుతుంది. అందుకే పొలాలకు అడ్డంపడి వెళ్లేవాళ్లు జేబులో ఒక ముక్క వేసుకునే బయలుదేరేవారు.

మా పెద్దావిడ ఉన్ని కోటు ఉతకడానికి వేసినప్పుడల్లా జేబులోంచి ఎండిపోయిన రొట్టె తునకలు రాలేవి. ఆశ్రమంలో బట్టలు ఉతికేవాళ్లు విసుక్కునేవారు. మతిమరుపు వల్ల దాచుకుంటున్నారని చాలా రోజులు నేనూ అనుకున్నాను. ఒకరోజు అడిగితే, ‘వరండా అవతల గడ్డి ఉంది కదమ్మాయ్’ అన్నారు. ఆ తరవాత ఉతికిన కోటు తిరిగి ఇచ్చేటప్పుడు జేబులో ఒక ముక్క వేసి ఇవ్వడం నేను అలవాటు చేసుకున్నాను.

ప్రశ్న: టీ లేకుండా ఎలా ఉండేవారు? — ఒక పాఠకురాలు

ఉన్నారు! పల్లెల్లోకి టీ బాగా వచ్చింది 19వ శతాబ్దం చివరి రోజుల్లోనే. మొదట్లో క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు మాత్రమే. మొదటిసారి టీ ఆకు చేతికొచ్చిన ఇల్లాలు దాన్ని ఉడికించి, నీళ్లు పారబోసి, ఆకుకు వెన్న రాసి వడ్డించిందనే కథ చాలా ఊళ్లలో చెప్పుకుంటారు.

ప్రశ్న: పండగల్లో ఏం వండేవారు? — కొందరు పాఠకులు

అన్నీ రాయాలంటే పుస్తకమే అవుతుంది. మూడు చెబుతాను.

అక్టోబరు 31. ఇప్పుడు లోకమంతా హాలోవీన్ అంటున్నది వాళ్ల పాత ‘సావిన్’, చలికాలం మొదలయ్యే రాత్రి. చర్చి నియమం ప్రకారం ఆ రోజు మాంసం ముట్టరు. అందుకే ఆ రాత్రి వంటలన్నీ దుంపలు, క్యాబేజీ, పిండితోనే. ‘కోల్‌క్యానన్’ అంటే మెదిపిన దుంపలో ఉడికించిన కేల్ ఆకో క్యాబేజీయో కలిపి, గుట్టలా పోసి, నడుమ గుంట చేసి, అందులో వెన్న కరగనివ్వడం. ప్రతి ఒక్కరూ తమ వైపు నుంచి తవ్వుకుంటూ చెంచాను ఆ వెన్న గుంటలో ముంచుకుంటారు. లోపల ఉంగరం దాచేవారు. ‘బార్మ్‌బ్రాక్’ అనే ఎండుద్రాక్ష రొట్టెలోనూ అంతే. ఉంగరం వస్తే ఏడాదిలో పెళ్లి, నాణెం వస్తే డబ్బు, గుడ్డపేలిక వస్తే దరిద్రం. ఆ ఇంట్లో చనిపోయిన పెద్దలు ఆ రాత్రి తిరిగి వస్తారని, పొయ్యి ఆర్పకుండా, వాళ్ల కోసం కొంత తిండి తీసిపెట్టి పడుకునేవారు. ఆ రాత్రి దాటాక పొదల్లోని బ్లాక్‌బెర్రీలు కోయకూడదు. దెయ్యం ఉమ్మేసి ఉంటుంది అంటారు. నిజానికి అప్పటికి పళ్లు బూజుపట్టే వేళ అవుతుంది.

ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఉపవాసం. పాతకాలంలో మాంసమే కాదు, గుడ్లు, పాలు, వెన్న కూడా మానేసేవారు. నల్ల టీ, ఎండు రొట్టె, ఉప్పుచేప. నలభై రోజులూ హెర్రింగ్ తిని తిని విసిగిన జనం, ఉపవాసం ముగిసే రోజున కొన్ని పట్టణాల్లో కసాయివాళ్లు ముందు నడవగా ఆ చేపను కర్రకు కట్టి కొడుతూ ఊరేగించి, నీళ్లలో పారేసి, రిబ్బన్లు చుట్టిన గొర్రె మాంసాన్ని ఎత్తి పట్టుకుని తిరిగొచ్చేవారు. మర్నాడు పొద్దున దాచిపెట్టిన గుడ్లన్నీ ఉడకాల్సిందే. ఎన్ని తిన్నామన్నది మగవాళ్లకు పందెం.

జనవరి 6. ‘నొల్లిగ్ న మాన్’, ఆడవాళ్ల క్రిస్మస్. ముఖ్యంగా కార్క్, కెర్రీ వైపు. పన్నెండు రోజుల క్రిస్మస్ చాకిరీ ముగిసిన ఆ రోజున ఇంటిపని మగవాళ్లది. ఆడవాళ్లు ఒకరింటికొకరు వెళ్లి కూర్చుంటారు. మగవాళ్ల క్రిస్మస్‌కు మాంసం, విస్కీ అయితే, వీళ్ల పండక్కి టీ, ఎండుద్రాక్ష కేకు. తనకు నచ్చినది తాను కూర్చుని, వేడిగా ఉండగా తినడం. ఏడాదికి ఒక్క రోజు. దీని గురించి ఎక్కువ చెప్పను, ఇది చదువుతున్న ఆడవాళ్లకు అర్థమైపోతుంది.

ప్రశ్న: ఇంట్లో చేసుకోగలిగిన వంట ఒకటి చెప్పండి. — చాలామంది

సోడా రొట్టె. అక్కడ పండే గోధుమ మెత్తటిది, ఈస్టుతో బాగా పొంగదు. 19వ శతాబ్దంలో వంటసోడా చవకగా దొరకడం మొదలయ్యాక, ఇంట్లో ఎప్పుడూ ఉండే పుల్లమజ్జిగ దానికి జతపడింది. పులుపూ సోడా కలవగానే గాలిబుడగలు పుట్టి రొట్టె లేస్తుంది.

450 గ్రాముల మైదాలో టీ చెంచా వంటసోడా, టీ చెంచా ఉప్పు వేసి జల్లించండి. నడుమ గుంట చేసి 350 మిల్లీలీటర్ల చిక్కటి పుల్లమజ్జిగ పోసి, వేళ్లు విప్పి వలయంగా తిప్పుతూ కలపండి. పొడిగా అనిపిస్తే ఇంకొంచెం పోయండి. పిసకకూడదు. పిసికితే రొట్టె రాయవుతుంది. గుండ్రంగా, రెండంగుళాల లోపు మందంతో సర్ది, పైన కత్తితో లోతుగా శిలువ గీత పెట్టండి. ఓవెన్‌లో 230 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, 200కు తగ్గించి ఇంకో 30 నిమిషాలు. అడుగున తడితే డొల్లగా శబ్దం వస్తే కాలినట్టు. వాళ్లు దీన్ని ‘బాస్టిబుల్’ అనే ఇనప కుండలో పెట్టి, మూత మీద కూడా నిప్పులు పేర్చి కాల్చేవారు. శిలువ గీత దీవెన కోసం అనేవారు, దయ్యాలు బయటికి పోవడానికి అనేవారు. ఆ గీత వల్ల మధ్యభాగం సరిగ్గా ఉడుకుతుంది, నాలుగు ముక్కలుగా విరుచుకోవడం సులువవుతుంది.

ప్రశ్న: ఇంత వివరంగా మీకెలా తెలుసు? — ఒక పరిశోధక విద్యార్థి

కొంత ఆవిడ చెప్పింది, కొంత ఆవిడ వల్ల నేను చదివింది.

ఐర్లాండ్ ప్రభుత్వం 1935లో జానపద సంఘాన్ని స్థాపించింది. 1937 నుంచి 1939 దాకా ఆ సంఘం, ఉపాధ్యాయుల సాయంతో, 26 కౌంటీల్లోని ప్రాథమిక పాఠశాలల్లో పెద్దతరగతి పిల్లలకు ఒక పని ఇచ్చింది. ఇంటికెళ్లి తాతలను, అమ్మమ్మలను అడిగి పాత సంగతులు రాసుకురమ్మంది. ఇచ్చిన విషయాల్లో ‘పాతకాలపు తిండి’ ఒకటి. ఐదువేలకు పైగా బడుల నుంచి సుమారు 7,40,000 పేజీలు వచ్చాయి. ఇప్పుడవి ‘దూకస్’ అనే పేరుతో ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. పిల్లల చేతిరాతే కనిపిస్తుంది. సిరా మరకలతో సహా.

మా పెద్దావిడ 1938లో పన్నెండేళ్ల పిల్ల. తానూ రాశానని చెప్పేవారు. మేయో బడుల పేజీలు వెతికి, ఆవిడ ఊరి బడి పట్టుకుని, ఒక ఆదివారం మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని ఆవిడ రాసిన పేజీని ఆవిడకే చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నారు. గది మధ్యలో బుట్ట, ఉప్పునీళ్ల గిన్నె, క్రిస్మస్‌కు టీ, అన్నీ ఉన్నాయి. అయిపోయాక కాసేపు మాట్లాడలేదు. తరవాత, ‘ఒకటి రాయలేదు’ అన్నారు. ఎందుకని అడిగాను. ‘పేజీ అయిపోయింది. రెండో పేజీకి మా టీచరు ఒప్పుకోలేదు’ అన్నారు.

రాయనిది ఇదీ. వాళ్ల అమ్మమ్మ దుంపలను తలల లెక్కన ఉడికించేది కాదట. ఇంట్లో ఏడుగురుంటే తొమ్మిదిమందికి వేసేది. భోజనాల వేళ దారిన పోయేవాళ్లు తలుపు తోస్తే, ‘మాకు సరిపోయాయి, కూర్చో’ అనడానికి. ఎవరూ రాని రోజు ఆ మిగిలినవాటిని మెదిపి, పిండి కలిపి, పెనం మీద రొట్టె కాల్చి పొద్దున పిల్లలకు పెట్టేది. ఎవరైనా వచ్చిన రోజు పొద్దున రొట్టె ఉండదు. ‘ఎవరూ రాకూడదని నేను దేవుణ్ణి వేడుకునేదాన్ని’ అన్నారు ఆవిడ, ఎనభై ఏళ్ల కిందటి తప్పును ఒప్పుకుంటున్నట్టు, నా చేయి పట్టుకుని.